ఊకపళ్ళెం మీద పేరు

డాక్టర్ భ్రమరాంబకి పిల్లలంటే అంత ఇష్టమేమీ లేదు. ప్రశ్న అడుగుతారు, జవాబు పూర్తయ్యేదాకా ఆగరు. అయినా ఆ జులైలో ఆమె బడి బడికీ తిరిగి పాఠం చెప్పింది, ఎందుకంటే పళ్ళెం ఆమెది. మండపేట రోడ్డులో రైసుమిల్లుల మధ్య ఉన్న పదార్థ పరిశోధనశాలలో పదకొండేళ్ళు కూర్చుని, మిల్లులవాళ్ళు పారబోసే ఊకబూడిద నుంచి తీసింది దాన్ని. కాగితాల్లో దానికేదో సంస్కృతం పేరుంది. జనం ఊకపళ్ళెం అన్నారు, ఆ పేరే నిలిచింది.

పెదలంక బడిలో బల్లమీద ఒక స్టీలు గరిటె, ఒక చెక్క గరిటె, అరిగిపోయిన హవాయి చెప్పు, గాజు గ్లాసు, మట్టి మూకుడు వరసగా పెట్టింది.

"పులుసు మరుగుతుంటే స్టీలు గరిటె అందులో వదిలేశారు. పట్టుకుంటే ఏమవుతుంది?"

"చెయ్యి కాలుద్దండి."

"చెక్క గరిటె?"

"కాలదండి."

"స్టీల్లో వేడి పరిగెడుతుంది. చెక్కలో నడవలేక చతికిలబడుతుంది. చెప్పు రబ్బరు వంచితే వంగుతుంది, వదిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. గాజు గట్టిదే, కానీ పెళుసు. వంగమంటే వంగదు, విరుగుతుంది. ఏ వస్తువు గుణం దానిది. గుణం తెలుసుకున్నాకే వాడుకోవాలి."

ఆ తర్వాత పళ్ళెం తీసి గచ్చుమీదకి విసిరింది. అది ఎగిరి పడింది గానీ పగల్లేదు. హెడ్మాస్టరుగారిని దానిమీద నిలబెట్టింది. అద్దాలు కోసే వజ్రపు మొన తీసుకుని దానిమీద బర్రున గీసి, ఆ గీతని పిల్లలందరికీ చూపించింది.

"ఇది రేపు పొద్దున్నకి ఉండదు. మీ మోకాలు గీరుకుపోతే మానదూ, అలాగే దీనికీ మానుతుంది. దీని పైపొర ఎప్పుడూ బిగుసుకుని లోపలికి నొక్కుతూ ఉంటుంది. లోపలి భాగం సాగి, గుంజుకుంటూ ఉంటుంది. ఆ రెండింటికీ పేచీ. ఆ పేచీ వల్లే పళ్ళేనికి బలం. పైన గీత పడితే లోపలిది కాస్త పైకొచ్చి దాన్ని పూడ్చేస్తుంది."

ముందు వరసలో కూర్చున్న సువార్త అనే అయిదో తరగతి పిల్ల చెయ్యెత్తింది. "మా మామ్మ నా పళ్ళేనికి మూడుసార్లు పేరు కొట్టించిందండి. పొద్దున్నకి పోతోందండి."

పిల్లలు నవ్వారు. భ్రమరాంబ కూడా నవ్వింది. "పేరు పోతే పోయిందిలే, పళ్ళెం ఉందిగా" అంది.

ఆ మాట దగ్గర ఆమె ఆగవలసింది. ఆగలేదు. శాస్త్రజ్ఞులకి గర్వం వస్తే చెవులు ముందు పోతాయి. పైగా మండపేట చుట్టుపక్కల గిన్నెలమీద చేత్తో పేర్లు కొట్టే మనిషి ఒక్కడే ఉన్నాడని, అతను తన తండ్రేనని ఆమెకి తెలుసు. ఆ ఊసు రావడం ఆమెకి గిట్టదు.

గిన్నెలమీద పేర్లు కొట్టించడం తెలుగునాట కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. స్టీలు గ్లాసు కొన్నా, పెళ్ళికి బిందె పెట్టినా దానిమీద పేరు కొట్టించనిదే మనకి నిద్రపట్టదు. ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో చుక్కలు చుక్కలుగా ఉండాలి. అలాంటిది ఆరువేల పైచిలుకు పిల్లలకి, అచ్చు ఒక్కలాగే ఉండే ఆరువేల పైచిలుకు తెల్ల పళ్ళేలు ఇచ్చి, బడిలో అన్నం తిన్నాక కుప్పగా కడిగించి, ఎవరిది వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తల్లులు ఊరుకుంటారా? వారం తిరక్కుండానే వరస కట్టి, గిన్నెల కొట్టు అరుగుమీద కూర్చునే వీరబ్రహ్మం దగ్గరికి వెళ్ళారు.

వీరబ్రహ్మానికి డెబ్భై ఒకటి. యాభై అయిదేళ్ళుగా ఉలి, చిన్న సుత్తి తప్ప వేరే పనిముట్టు ముట్టలేదు. ఊకపళ్ళెం మీద ఆయన ఉలి జారింది. అద్దాలు కోసేవాడి దగ్గర వజ్రపు మొన సంపాదించి బిగించుకున్నాడు. పేరు పడింది. తెల్లారేసరికి మాయమైంది. తల్లులు వచ్చి "చూపు ఆనడం లేదా తాతా, ఈ వయసులో ఎందుకు ఈ పని" అన్నారు. తన చేతి పేరు చెరిగిందన్న మాట ఆయన జన్మలో పడలేదు. ఊరికే మళ్ళీ కొట్టి ఇచ్చాడు, ఈసారి కాస్త లోతుగా. మళ్ళీ పోయింది. వాళ్ళు మళ్ళీ వచ్చారు.

తండ్రీకూతుళ్ళకి మాటలు లేక తొమ్మిదేళ్ళు. అప్పట్లో పేపరువాళ్ళు వచ్చి ఆమె గొప్పతనం రాసుకుంటూ ఇంటి సంగతులు అడిగితే, "మా నాన్నకి చదువు రాదు, గిన్నెలమీద చుక్కలు పెట్టుకుని బతికేవాడు" అని చెప్పింది. తనెంత కిందనుంచి పైకొచ్చిందో చూపించుకోవాలని అలా అంది. టీకొట్లో ఆ పేపరు వీరబ్రహ్మం స్వయంగా చదువుకున్నాడు. తెలుగు, ఇంగ్లీషు, హిందీ అక్షరాలు మూడూ గుండ్రంగా కొట్టగలిగినవాడికి చదవడం రాకపోవడమేమిటి? ఆ రోజునుంచి కూతురు ఎదురైతే 'మేడంగారూ' అన్నాడు. తిట్టినా ఆమె ఓర్చుకునేది గానీ ఆ 'గారు'ని ఓర్చుకోలేకపోయింది. మొదటి విడత పళ్ళేలు వచ్చినప్పుడు మాత్రం ఒకటి పాతపేపర్లలో చుట్టి, ఉత్తరమైనా పెట్టకుండా ఆటోలో ఆయనకి పంపించింది. జవాబు రాలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం వీరబ్రహ్మం ప్రయోగశాల గేటు దగ్గరికి వచ్చాడు. చంకలో తువ్వాలు చుట్టిన పళ్ళెం ఉంది. అదే సమయానికి భ్రమరాంబ ఢిల్లీనుంచి వచ్చిన ఇద్దరు అధికారుల్ని కారు దాకా సాగనంపుతోంది.

"మేడంగారూ, ఒక్క మాటండి. దీని గొంతు మారిందండి" అన్నాడాయన.

"ఏమిటీ?"

"గోటితో కొడితే కొత్త పళ్ళెం నిండుగా పలుకుద్దండి. నాలుగైదుసార్లు పేరు పడ్డది సన్నంగా పలుకుతోందండి, ఏడుపు బిగపట్టుకున్న పిల్లలాగ. లోపలేదో లాగేసి ఉందండి. వేడిది పోస్తే ఏమవుద్దో ఓసారి చూడండి."

అధికారులు నవ్వుమొహాలు పెట్టి చూస్తున్నారు. వాళ్ళలో ఒకాయన "ఎవరండీ ఈ పెద్దాయన?" అని అడిగాడు.

"పేర్లు కొట్టేవాడు. మా పళ్ళెం మీద పేరు నిలవదు, పని పోతుందని బెంగ" అంది భ్రమరాంబ. తండ్రి వైపు తిరిగింది. "మరిగే నూనె పోసి చూశాం. సుత్తితో బాదాం, లారీతో తొక్కించాం. నీ పొట్టకోసం నా పళ్ళేనికి వంక పెట్టకు. వెళ్ళు."

"పొట్టకోసమే లెండి" అన్నాడు. తువ్వాలు మళ్ళీ జాగ్రత్తగా చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన్ని ఇంకోసారి లోపలికి రానివ్వవద్దని ఆమె గేటు దగ్గరి మనిషికి గట్టిగా చెప్పింది.

జనవరిలో, మంచు కురిసిన ఒకరోజు మధ్యాహ్నం, పెదలంక బడిలో సాంబారు వడ్డిస్తుండగా సువార్త పళ్ళెం పేలింది.

పగలలేదు, పేలింది. గరిటెడు సాంబారు పడీ పడగానే ఠప్పుమని, పళ్ళెమంతా ఆవగింజలంత ముక్కలై లేచింది. పక్కనున్న పిల్లలకి చేతులు గీరుకుపోయాయి. సువార్త ఎడమకంట్లో మూడు ముక్కలు దిగాయి. కాకినాడ ఆస్పత్రిలో డాక్టర్లు రెండు రోజులు చూసి, ఆ కన్ను ఇక పనికిరాదన్నారు.

భ్రమరాంబ ఆస్పత్రికి వెళ్ళింది. వసారాలో ఆ పిల్ల మామ్మ ఎస్తేరమ్మ నేలమీద కూర్చుని ఉంది. ఈమెని చూసి లేవలేదు.

"పేరు కొట్టించొద్దని మీరు చెప్పారా?" అని అడిగింది ఎస్తేరమ్మ.

"గీత పడితే మానిపోతుందని చెప్పాం."

"అదేనమ్మా నేనడిగేది. మానిపోద్దన్నారు. అందుకే అయిదుసార్లు కొట్టించాను. దెబ్బ మానిపోయే వస్తువని మీరంటే, మళ్ళీ మళ్ళీ కొట్టినా పరవాలేదనుకున్నాను. నేనేం చదివాను గనక. చదివినోళ్ళు మీరు చెప్పాలా, వద్దా?"

భ్రమరాంబ తెచ్చిన పళ్ళ సంచి గోడవారన పెట్టింది. ఎస్తేరమ్మ కాలితో దాన్ని అవతలికి నెట్టింది.

ప్రయోగశాలలో డైరెక్టరు అనంతశయనంగారు అప్పటికే కాగితం సిద్ధం చేయించి ఉంచారు. పళ్ళెంలో లోపం లేదనీ, వజ్రపు మొనతో పదేపదే పొడిచిన ఒక పనివాడి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగిందనీ, అతనిమీద కేసు పెట్టాలనీ దాని సారాంశం. కింద ఆమె సంతకానికి జాగా ఉంది.

"మీ నాన్నగారని తెలుసు. కాని పదకొండేళ్ళ పని, ప్రయోగశాల పరువు. ఆలోచించుకోండి" అన్నారాయన. ఆ గొంతులో జాలి ఉంది, జాలి వెనక బెదిరింపూ ఉంది.

భ్రమరాంబ కాగితం పక్కన పెట్టి కొత్త పళ్ళెం ఒకటి తెప్పించింది. వజ్రపు మొనతో తనే చుక్కలు పొడిచింది. మర్నాటికి మానింది, మళ్ళీ పొడిచింది. అలా అయిదు రోజులు చేసి, ఆరోనాడు అద్దం వెనకనుంచి వేడి సాంబారు పోసింది. పళ్ళెం పేలింది. ఆమెకి అప్పుడు అర్థమైంది. గాయం మాన్పడానికి లోపలి పదార్థం పైకి వస్తోంది, లోపల ఉన్నది అంతకంతకూ మరింత గుంజుకుంటోంది. పైకి నున్నగా, కొత్తదానిలా కనిపిస్తుంది. లోపల ఒక్క దెబ్బని కూడా మరిచిపోదు. వేడి తగిలిననాడు మొత్తం ఒక్కసారే తీర్చుకుంటుంది.

డైరెక్టరు గదికి వెళ్ళి కాగితం బల్లమీద పెట్టింది. సంతకం లేదు.

"నూటపాతిక రకాల దెబ్బలు కొట్టి చూశాం సార్. మన ఇళ్ళల్లో ప్రతి గిన్నెకీ తగిలే దెబ్బ ఒక్కటి కొట్టలేదు. నేను పేర్లు కొట్టేవాడి కూతుర్ని. ఆ దెబ్బమీదే అన్నం తిని పెరిగాను. నాకే తట్టలేదు. తప్పు మనది" అంది.

"అయితే మీ ఉద్యోగం సంగతి కూడా మీరే చూసుకోండి" అన్నారాయన.

"అలాగే సార్. ముందు పళ్ళేలు వెనక్కి తీసుకోవాలి."

తీసుకోవడం చెప్పినంత తేలిక కాదు. కొత్తవి ఇస్తేగాని పాతవి ఇవ్వమని కొందరు తల్లిదండ్రులు భీష్మించారు. పేరు కొట్టించనివాటికి భయం లేదు గదా అని కొందరు. నిజమే, కొట్టించనివాటికి భయం లేదు. కాని ఏది కొట్టించిందో, ఏది కాదో ఎలా తెలుస్తుంది? ఒక్క పళ్ళెం మీదా పేరు లేదు. అన్నీ తెల్లగా నవ్వుతున్నాయి. పేలేవాటిని మామూలువాటితో కలిపి మూటకట్టి లారీ ఎక్కించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఏరాలంటే యంత్రంలో ఒక్కో పళ్ళేనికి అరపూట పడుతుంది, ఈలోగా పిల్లలు ఇళ్ళల్లో వాటిలోనే తింటారు.

ఆమె గిన్నెల కొట్టు అరుగు దగ్గరికి వెళ్ళి నిలబడింది. వీరబ్రహ్మం ఒక బిందెమీద పని చేస్తున్నాడు. తలెత్తలేదు.

"నాన్నా" అంది.

"ఏం పేరు కొట్టమంటారండి?"

"నువ్వు చెప్పింది నిజం. విని ఉంటే ఆ పిల్ల కన్ను పోయేది కాదు."

"ఆ మాట నాకెందుకండి మేడంగారూ. ఆ పిల్లకి చెప్పండి."

"ఆరువేల పళ్ళేలున్నాయి. ఏది మంచిదో ఏది కాదో నీ చెవికి తప్ప తెలీదు."

వీరబ్రహ్మం బిందెమీద చివరి చుక్క పెట్టి, ఊదాడు. చొక్కా తొడుక్కుని, పనిముట్లు గుడ్డలో చుట్టాడు. "పిల్లల కోసం వస్తున్నానండి. మీ కోసం కాదు" అన్నాడు.

పదకొండు రోజులు వాళ్ళిద్దరూ ఊరూరా తిరిగారు. బడి ఆవరణలో గోనెసంచి పరిచి ఆయన కూర్చునేవాడు. ఒక్కో పళ్ళెం అంచు పట్టుకుని, గోటితో ఒక్కటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకునేవాడు. "మంచిది." "చెడ్డది." ఆ రెండు మాటలే. ఆమె పక్కన నిలబడి కాగితాలు నింపేది: ఊరు, పళ్ళెం ఎవరిది, దానిమీద కొట్టిన పేరు, ఎన్నిసార్లు. కొన్నిచోట్ల జనం చుట్టూ చేరి ఇద్దర్నీ కలిపి తిట్టారు. ఒక ఊళ్ళో ఎవరో బురద విసిరారు. అది ఆయన భుజంమీద పడింది. ఆయన తుడుచుకోకుండా తర్వాతి పళ్ళెం అందుకున్నాడు.

నాలుగో రోజున ఎండకి కాగిన పళ్ళెం ఒకటి ఆయన చేతిలోనే పేలింది. మోచేతి దాకా నెత్తురు కారింది. భ్రమరాంబ పమిట కొంగు చింపి కట్టబోయింది.

"నర్సమ్మని పిలవండి" అన్నాడు, చెయ్యి వెనక్కి లాక్కుని.

పన్నెండో రోజుకి ఆరువేల నాలుగువందల పన్నెండులో ఒక్కటి తప్ప అన్నీ లెక్కకి వచ్చాయి. చెడ్డవి వెయ్యి దాటాయి. ఆ తప్పిపోయినది ఎవరిదో ఆమెకి తెలుసు. అది తను ఆటోలో పంపినదే.

వెలంపేట సందులో తండ్రి ఇంటికి ఆమె వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. తలుపు తీసే ఉంది. పొద్దుటెండ వంటగది కిటికీలోంచి అలమరమీద పడుతోంది. తల్లి గిన్నెలు, వాటిమీద తల్లి పేరు, పెళ్ళినాటి తేదీ. వాటి పక్కన తెల్లగా ఊకపళ్ళెం. ఆమె గడప దాటి, అలమర దగ్గరికి నడిచి చెయ్యి చాపింది.

"ముట్టుకోకే అమ్మాయ్."

పెరటి గుమ్మంలోంచి వచ్చిన ఆ కేకకి ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత విన్న 'అమ్మాయ్' అది.

వీరబ్రహ్మం గబగబా వచ్చి ఆమెకీ అలమరకీ మధ్య నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. "దానిమీద రెండొందల పదమూడుసార్లు కొట్టాను. చేతివేడికి కూడా ఏమవుద్దో తెలీదు."

"రెండొందల పదమూడా? ఎందుకు?"

"రోజూ కొట్టుకెళ్ళేముందు ఒకసారి కొడతాను. మర్నాడు పోద్ది. మళ్ళీ కొడతాను. నవంబర్లో గొంతు మారిందని మీతో చెప్పబోతే వినలేదు. ఎంతవరకూ ఓర్చుకుంటదో నేనే చూద్దామనుకున్నాను." నోరు జారిన సంగతి అప్పటికి ఆయనకి తెలిసింది, మళ్ళీ మీరులోకి వెళ్ళిపోయాడు.

"అన్నం ఇందులోనే తింటున్నావా?"

"చద్దన్నం. వేడిది ఎప్పుడూ వడ్డించుకోలేదు."

ఎండ ఏటవాలుగా పడుతున్నచోట పళ్ళెం అంచున చుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి. ఆ పొద్దున కొట్టినవి, ఇంకా మానలేదు. ఆమె దూరంనుంచే చదువుకుంది. అది తన పేరు. పుట్టినప్పుడు ఉగ్గుగిన్నె మీద ఆయన కొట్టిన అక్షరాలే, అదే గుండ్రం. గేటు దగ్గర వెళ్ళగొట్టిన మర్నాడు పొద్దున కూడా ఈయన కూర్చుని ఇదే పేరు కొట్టాడన్నమాట. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. గోడకి ఆనుకుని ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు.

ఏడుపయ్యాక ఇద్దరూ కలిసి చెయ్యవలసింది చేశారు. వీరబ్రహ్మం పళ్ళేన్ని తడితువ్వాలుతో పట్టి రెండు చేతులా ఎత్తి, నీళ్ళ కుండలా మోసుకుని పెరట్లో రుబ్బురోలు గుంటలో దించాడు. తడిగోనె కప్పాడు. భ్రమరాంబ పొయ్యిమీద నీళ్ళు మరిగించి తెచ్చింది. పొడుగాటి వెదురుబద్దకి డబ్బా కట్టి, గోనె సందులోంచి ఆయనే పోశాడు. పేలిన చప్పుడుకి పక్కింటివాళ్ళు గోడమీదనుంచి తొంగిచూశారు. గోనె ఒక్కసారి ఉబ్బి, మెల్లగా కిందికి దిగింది.

"రాసుకోండి మేడంగారూ. ఆఖరిది. రెండొందల పదమూడు" అన్నాడు.

ఆమె అరుగుమీద కూర్చుని కాగితం నింపింది. ఊరు రాసింది. అంకె వేసింది. పళ్ళెం ఎవరిది అన్నచోట వీరబ్రహ్మం అని రాసింది. కొట్టిన పేరు అన్నచోట, 'భ్రమరాంబ, వీరబ్రహ్మంగారి కూతురు' అని రాసి, కాగితం ఆయన చేతికి ఇచ్చింది. "చదివి సంతకం పెట్టు నాన్నా."

వీరబ్రహ్మం జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. వేలు కింద పెట్టుకుని, ఒక్కో మాటా పైకే చదివాడు. పేరున్న వరుసని మళ్ళీ ఇంకోసారి చదివాడు. "చదువు రాదన్నావుగా" అన్నాడు.

ఆమె కలం ఆయనకి అందించింది.

ఆయన సంతకం పెట్టి కాగితం ఆమె ఒళ్ళో పడేశాడు. లోపలికి వెళ్ళి, అలమరలోంచి స్టీలు కంచాలు రెండు దించి కడగడం మొదలుపెట్టాడు.

"చద్దన్నమే ఉంది. తింటే తిను, లేకపోతే వెళ్ళు" అన్నాడు, ఇటు తిరక్కుండా.

ఆమె వెళ్ళి పీట వాల్చుకుని కూర్చుంది.